పిల్లల్లో పేగువాపు వ్యాధి: నిర్ధారణ, చికిత్స

పేగుల్లో ఏళ్ల తరబడి వాపు, పుండ్లు కలిగించే వ్యాధులను కలిపి ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ అంటారు. ఆసుపత్రుల్లో దీన్ని ఐబీడీ అని క్లుప్తంగా పిలుస్తారు. ఇందులో ప్రధానమైనవి రెండు: క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్. ఈ రెండింటిలో దేనిలోనూ కచ్చితంగా చేర్చలేని రూపం మూడోది. అది పెద్దల్లోకన్నా చిన్నపిల్లల్లో ఎక్కువగా ఎదురవుతుంది. మొత్తం ఐబీడీ రోగుల్లో ఇంచుమించు నాలుగోవంతు మందికి జబ్బు ఇరవయ్యేళ్లలోపే మొదలవుతుంది. వాళ్లలోనూ ఎక్కువ మంది పదేళ్లు దాటినవాళ్లు, అంటే ఒళ్లు వేగంగా ఎదగాల్సిన వయసులో ఉన్నవాళ్లు. అందుకే పిల్లల ఐబీడీ పేగుతో ఆగిపోదు. ఎత్తు, బరువు, రజస్వల కావడం, గొంతు మారడం, బడి హాజరు అన్నీ దాని పరిధిలోకి వస్తాయి. పెద్దల వైద్యాన్నే మోతాదు తగ్గించి పిల్లలకు వాడితే సరిపోదు.

అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం. పురీషనాళం దగ్గర మొదలై, మధ్యలో ఖాళీ వదలకుండా పైకి పాకుతుంది. పేగు లోపలి పొరను మాత్రమే పుండు చేస్తుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. ఒకచోట పుండు, పక్కన మామూలు పేగు, మళ్లీ పుండు ఇలా ఖాళీలు వదులుతూ పోతుంది. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటంటే దానికి ప్రత్యేకమైన ఇష్టం. పేగు గోడను పూర్తి మందాన తొలిచేస్తుంది కాబట్టి కాలం గడిచేకొద్దీ పేగు సన్నబడి మూసుకుపోవడం, పక్క అవయవంలోకో చర్మంమీదికో దారి తొలుచుకుని భగందరం ఏర్పడటం దీనిలో సాధారణం.

చరిత్ర

అల్సరేటివ్ కొలైటిస్‌ను విడి వ్యాధిగా వర్ణించిన తొలి రచనల్లో లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ 1859లో రాసింది ముఖ్యమైనది. గ్లాస్గో శస్త్రవైద్యుడు కెనెడీ డాల్‌జీల్ 1913లో పేగు గోడ దళసరెక్కిన కొందరు రోగుల గురించి రాశాడు. అయినా ఆ వ్యాధికి స్థిరపడిన పేరు న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి నుంచి వచ్చింది. అక్కడి బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ 1932లో పద్నాలుగు మంది రోగుల వివరాలు ప్రచురించారు. అంతకుముందు ఇలాంటి రోగులను చాలామంది వైద్యులు పేగు క్షయ కింద జమకట్టేవారు. ఈ పొరపాటు మన దేశంలో నేటికీ రెండు వైపులా జరుగుతూనే ఉంది. దాని సంగతి కింద విడిగా వస్తుంది.

పిల్లల ఐబీడీకి ప్రత్యేకమైన నిర్ధారణ నియమాలు రావడానికి మాత్రం ఈ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2005లో పోర్టో ప్రమాణాలను ప్రకటించి 2014లో సవరించింది. వయసు, వ్యాధి పాకిన మేర, ఎదుగుదల ఆగిందా లేదా అన్నవాటిని లెక్కలోకి తీసుకునే పారిస్ వర్గీకరణ ఈ రెండింటి నడుమ వచ్చింది. ఎదుగుదల వర్గీకరణలోనే ఒక అంశంగా చేరడం చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, పిల్లల వైద్యులకు అది ఎంతో విలువైనది.

ఎవరికి, ఎందుకు

ఒకే కారణం అంటూ లేదు. జన్యువుల్లో ఉన్న గ్రహణశీలత, పేగులో కాపురముండే సూక్ష్మజీవుల తీరు, ఆహారం, పసితనంలో యాంటీబయాటిక్‌ల వాడకం కలిసి రోగనిరోధక వ్యవస్థను సొంత పేగుమీదికి ఉసిగొల్పుతాయి. ఐబీడీతో ముడిపడిన జన్యుస్థానాలు రెండు వందలకు పైగా తెలుసు. వాటిలో 2001లో బయటపడిన నాడ్2 జన్యుమార్పులు పాశ్చాత్య రోగుల్లో ముఖ్యమైనవి. భారతీయుల్లో మాత్రం ఆ మార్పులు చాలా అరుదు. తల్లిదండ్రుల్లోనో తోడబుట్టినవాళ్లలోనో ఒకరికి ఉంటే ప్రమాదం పెరుగుతుంది. అయినా ఎక్కువమంది పిల్లల కుటుంబాల్లో అంతకుముందు ఎవరికీ ఈ జబ్బు ఉండదు. తల్లి వండిన కూరవల్ల, పిల్లవాడు తిన్న చిరుతిండివల్ల ఇది వచ్చిందని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. తల్లిదండ్రులు ఆ అపరాధభావాన్ని మోయనక్కర్లేదు.

ఇది తెల్లవాళ్ల జబ్బు, మనకు రాదు అన్న నమ్మకం చాలాకాలం నడిచింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చేసిన పరిశీలన దాన్ని గట్టిగానే దెబ్బతీసింది. అక్కడ దక్షిణాసియా కుటుంబాల పిల్లల్లో ఐబీడీ ఇతర పిల్లలకన్నా ఎక్కువగా కనిపించింది. వలస వెళ్లిన తరానికి తక్కువగా ఉన్న ముప్పు అక్కడే పుట్టిన పిల్లల్లో స్థానికుల స్థాయికి చేరుతోందని ఒంటారియో పరిశోధనలు చెప్పాయి. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ విషయం గుర్తుంచుకోవాలి. ఇక్కడ కూడా పరిస్థితి మారుతోంది. ఈ వ్యాధి తెలంగాణలో నగరాలకే పరిమితం కాలేదని, పల్లెల్లోనూ కనబడుతోందని హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రి వైద్యుల పరిశీలన 2023లో వెల్లడించింది.

ఎలా కనబడుతుంది

కడుపునొప్పి, విరేచనాలు, బరువు తగ్గడం. క్రోన్స్ వ్యాధికి పుస్తకాలు చెప్పే మూడు లక్షణాలివి. బ్రిటన్‌లో పిల్లల రోగులను దేశమంతటా లెక్కించి చూస్తే ఈ మూడూ కలిసి కనిపించింది నాలుగోవంతు మందిలోనే. మిగతావాళ్లు వేరే వేషాల్లో వస్తారు: ఎంత ఐరన్ ఇచ్చినా తగ్గని రక్తహీనత, కారణం తెలియని జ్వరం, నోటిపూత, మోకాళ్ల వాపు, కాళ్లమీద నొప్పితో కూడిన ఎర్రటి గడ్డలు, కళ్లు ఎర్రబడటం, మలద్వారం చుట్టూ చీముగడ్డలు. పిల్లల్లో మలద్వారం దగ్గర దళసరి చర్మపు తిత్తులు, మానని చీలిక, పదేపదే వచ్చే చీముగడ్డ కనిపిస్తే మొలలని కొట్టిపారేయకూడదు. ఆ వయసులో మొలలు అరుదు, క్రోన్స్ అంత అరుదు కాదు.

అల్సరేటివ్ కొలైటిస్ ఇంత దాగుడుమూతలు ఆడదు. రక్తం, జిగటతో విరేచనాలు, వెళ్లిన కాసేపటికే మళ్లీ వెళ్లాలనిపించడం, రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తడం దీని లక్షణాలు. పిల్లల్లో ఈ జబ్బు పెద్దలకంటే విస్తృతంగా ఉంటుంది. పెద్దవాళ్లలో పెద్దపేగు మొత్తం దెబ్బతినేది కొద్దిమందిలోనే కాగా, పిల్లల్లో సగానికి పైగా మందికి అలాగే ఉంటుంది.

లక్షణాలన్నిటిలోకీ తక్కువగా పట్టించుకునేది, ఎక్కువ విలువైనది ఎదుగుదల ఆగడం. క్రోన్స్ ఉన్న పిల్లల్లో పదిమందిలో ఒకరి నుంచి నలుగురి దాకా నిర్ధారణ నాటికే ఎత్తులో వెనకబడి ఉంటారు. కొందరిలో పొట్టలో ఏ ఇబ్బందీ మొదలవకముందే ఎత్తు ఆగుతుంది. దీనికి తిండి తగ్గడం ఒక్కటే కారణం అనుకోవడం పొరపాటు. వాపు వల్ల రక్తంలోకి చేరే ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ వంటి రసాయనాలు ఎముక పెరుగుదలకు అవసరమైన ఐజీఎఫ్-1 హార్మోనును అణచివేస్తాయి, ఎముక చివర్లలోని ఎదుగుదల పలకలమీద నేరుగానూ దెబ్బకొడతాయి. అందుకే ఎంత నెయ్యి పోసి పెట్టినా వాపు తగ్గనిదే పిల్లవాడు సాగడు. నాలుగేళ్లు దాటి ఇంకా యుక్తవయసు రాని బిడ్డ ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరగాలి. నాలుగుకు తగ్గితే ఆరా తీయాలి. ఎదుగుదల పలకలు మూసుకుపోయాక కోల్పోయిన ఎత్తు తిరిగిరాదు. పదమూడేళ్ల పిల్లవాడి విషయంలో ఆలస్యమైన ఏడాది, నలభై ఏళ్ల మనిషి విషయంలో ఆలస్యమైన ఏడాది సమానం కావు. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో ఐదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఎదుగుదల చార్టులను సవరించి ఇచ్చింది. వాటిని ప్రతి క్లినిక్‌లో వాడితే ఎంతోమంది పిల్లల్లో జబ్బు ముందే బయటపడవచ్చు.

మన ఇళ్లలో ఈ పిల్లల ప్రయాణం ఇంచుమించు ఒకేలా సాగుతుంది. మొదట వేడి చేసిందంటారు. తర్వాత నట్టల మందు వేస్తారు. ఆపైన మలపరీక్ష, అందులో అమీబా ఉందన్న రిపోర్టు, మెట్రోనిడజోల్ కోర్సులు. కాస్త తగ్గినట్టుండి మళ్లీ మొదలవుతుంది. ఎడతెగని విరేచనాలు నాలుగు వారాలు దాటితే, లేదా ఆరు నెలల్లో రెండుసార్లకు మించి తిరగబెడితే మందు మార్చడం మాని జబ్బేమిటో వెతకాలి.

నిర్ధారణ

మొదటి పని అంటురోగాలను తేల్చుకోవడం. షిగెల్లా, కాంపిలోబాక్టర్, అమీబా, క్లాస్ట్రిడియాయిడీస్ డిఫిసిలే రక్తవిరేచనాలతో ఐబీడీని అచ్చంగా అనుకరిస్తాయి. అమీబా ఉన్న పేగుకు స్టిరాయిడ్ ఇస్తే పేగు చిల్లుపడే ప్రమాదముంది. అందుకని స్టిరాయిడ్‌కు ముందే దీన్ని తేల్చుకోవాలి. ఇక సూక్ష్మదర్శిని కింద మలంలోని తెల్లకణాలను అమీబాగా పొరబడటం కూడా తరచూ జరుగుతుంది.

రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, అల్బుమిన్, ఈఎస్ఆర్, సీఆర్పీ చూస్తారు. ఇవన్నీ మామూలుగా ఉన్నంత మాత్రాన ఐబీడీ లేదని కాదు. ఒక మోస్తరు అల్సరేటివ్ కొలైటిస్‌లో చాలామంది పిల్లల సీఆర్పీ సవ్యంగానే ఉంటుంది. ఇక్కడే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష కలిసొస్తుంది. ఇది తెల్లకణాల్లో ఉండే ప్రొటీను. పేగులో వాపు ఉంటే మలంలోకి జారుతుంది. గ్రాముకు 50 మైక్రోగ్రాములలోపు ఉంటే వాపు ఉండే అవకాశం తక్కువ. 250 దాటితే ఎండోస్కోపీ గురించి ఆలోచించాలి. నాలుగేళ్లలోపు పిల్లల్లో ఇది సహజంగానే ఎక్కువుంటుంది, అంటువిరేచనాల్లోనూ పెరుగుతుంది. కాబట్టి ఒక్క అంకె చూసి జబ్బు ఖాయం చేయరాదు. దీని అసలు ఉపయోగం, పరీక్షల భయంతో కడుపునొప్పి వచ్చే పిల్లవాడిని, ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) ఉన్న పిల్లవాడిని అనవసరపు కొలనోస్కోపీ నుంచి తప్పించడం.

తుది మాట ఎండోస్కోపీది, ముక్క పరీక్షది (బయాప్సీ). పోర్టో ప్రమాణాల ప్రకారం అనుమానమున్న ప్రతి బిడ్డకూ పైనుంచి, కిందనుంచి రెండు ఎండోస్కోపీలూ ఒకే మత్తులో చేయాలి. కిందినుంచి వెళ్లిన గొట్టం చిన్నపేగు చివరి భాగంలోకి తప్పక ప్రవేశించాలి. పైకి బాగున్నట్టు కనిపించిన చోట కూడా ప్రతి భాగం నుంచీ ముక్కలు తీయాలి. కంటికి మామూలుగా ఉన్న పొరలో సూక్ష్మదర్శినికి గ్రాన్యులోమా, అంటే రోగనిరోధక కణాల చిన్న ముద్ద, దొరకవచ్చు. దానితో రోగం పేరే మారిపోతుంది. పెద్దపేగు చివర మాత్రమే చూసి, రెండు ముక్కలు తీసి నిర్ధారణ రాసేయడం పిల్లల విషయంలో సరికాదు. చికిత్స మొదలవని అల్సరేటివ్ కొలైటిస్‌లో కూడా కొందరు పిల్లలకు పురీషనాళం బాగానే ఉంటుంది, జీర్ణాశయంలో కొద్దిపాటి వాపూ ఉండొచ్చు. ఈ మినహాయింపులు తెలియకపోతే కొలైటిస్‌ను క్రోన్స్ అని రాసే ప్రమాదముంది.

గొట్టం చేరని చిన్నపేగును చూడటానికి ఎంఆర్ ఎంటరోగ్రఫీ మంచిది. ఈ పిల్లలకు జీవితంలో ఎన్నోసార్లు స్కాన్లు అవసరమవుతాయి. రేడియేషన్ లేని పద్ధతికే మొగ్గు చూపాలి. అత్యవసరమైతే తప్ప సీటీ వద్దు. అనుభవమున్నవాళ్లు చేస్తే మామూలు అల్ట్రాసౌండ్ కూడా పేగు గోడ మందాన్ని బాగా చూపిస్తుంది. మలద్వారం చుట్టూ జబ్బుంటే ఆ భాగానికి ఎంఆర్ఐ తప్పనిసరి.

క్షయతో చిక్కు

పాశ్చాత్య పుస్తకాలు ఒక పేరాలో దాటేసే సమస్య మన దేశంలో అన్నిటికన్నా పెద్దది. పేగు క్షయ కూడా చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటునే ఎంచుకుంటుంది. కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం, పుండ్లు, పేగు సన్నబడటం, ముక్కలో గ్రాన్యులోమా అన్నీ రెండింటికీ ఉమ్మడే. కానీ చికిత్సలు పూర్తిగా పరస్పర విరుద్ధం. క్షయకు స్టిరాయిడ్, రోగనిరోధక శక్తిని అణచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇస్తే అది ఒళ్లంతా పాకే ప్రమాదముంది. క్రోన్స్‌కు నెలల తరబడి క్షయ మందులు వాడితే పేగు మూసుకుపోయేదాకా కాలం వృథా అవుతుంది.

తేడా చూపే ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. పేగుకు అడ్డంగా చుట్టుకున్న పుండ్లు, కడుపులో నీరు, సీటీలో మధ్యభాగం కుళ్లిన గ్రంథులు, ఊపిరితిత్తుల్లో మచ్చ క్షయవైపు చూపుతాయి. పేగు పొడవునా సాగిన పుండ్లు, చిన్నచిన్న పొక్కుల్లాంటి పుండ్లు, మలద్వారం దగ్గర భగందరం, రక్తవిరేచనాలు, పేగు బయట కీళ్లు, చర్మం లక్షణాలు క్రోన్స్‌వైపు. ముక్కలో కుళ్లిన మధ్యభాగంతో పెద్దపెద్ద గ్రాన్యులోమాలు ఒకదానిలో ఒకటి కలిసి ఉంటే క్షయ. క్షయ క్రిమి కనిపించినా, కల్చర్‌లో పెరిగినా, జీన్ ఎక్స్‌పర్ట్ అనే జన్యుపరీక్షలో దొరికినా సందేహమే లేదు. అయితే పేగు క్షయలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. ఈ పరీక్షల్లో క్రిమి దొరికితే తేలిపోతుంది, దొరక్కపోతే ఏమీ చెప్పలేం.

ఎంత వెతికినా తేలని పిల్లలకు క్షయ మందులు వేసి చూడటం మన దేశంలో ఆనవాయితీ. దానికి న్యాయం ఉంది. న్యాయం లేనిది, ఆ పరీక్షకు గడువు పెట్టకపోవడం. కాస్త ఆకలి పుట్టింది, రెండు కిలోలు పెరిగాడు అని మందులు సాగదీయకూడదు. క్రోన్స్ రోగుల్లో కొందరికి క్షయ మందులతోనే బాధలు కొంత తగ్గుతాయి, కానీ లోపల పుండ్లు మానవు. రెండు మూడు నెలలకు కొలనోస్కోపీ మళ్లీ చేసి పుండ్లు మానుతున్నాయో లేదో చూడాలని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల పరిశీలనలు గట్టిగా సూచిస్తున్నాయి. క్షయ అయితే ఆ సరికి పుండ్లు స్పష్టంగా మానుతుంటాయి. మానకపోతే మందులకు లొంగని క్షయ అయినా కావాలి, క్రోన్స్ అయినా కావాలి. ఎదిగే పిల్లవాడి విషయంలో ఈ రెండోసారి కొలనోస్కోపీని వాయిదా వేయడం క్షమించరాని జాప్యం.

మరీ పసివాళ్లలో

ఆరేళ్లలోపు మొదలైతే దాన్ని అతిచిన్న వయసు ఐబీడీ అని విడిగా చూస్తారు. రెండేళ్లలోపయితే మరింత అప్రమత్తంగా ఉండాలి. ఈ వయసులో రక్తవిరేచనాలకు ఆవుపాల ప్రొటీను పడకపోవడం తరచూ కారణం, అది కాదని ముందు తేల్చుకోవాలి. నిజంగా ఐబీడీయే అయితే, ఒకే జన్యువులోని లోపంవల్ల రోగనిరోధక వ్యవస్థ దెబ్బతిన్న జబ్బేమో చూడాలి. ఇంటర్‌ల్యూకిన్-10 గ్రాహకాల లోపం వల్ల పసివాళ్లలో తీవ్రమైన పేగువాపు వస్తుందని 2009లో తెలిసింది. ఆ పరిశోధనలోని కుటుంబాల్లో దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగాయి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎన్నో ఆపరేషన్లు జరిగినా మానని ఒక చిన్నపిల్లవాడికి ప్రొటీన్లకు సంకేతాలిచ్చే జన్యుభాగాలన్నీ (ఎక్సోమ్) చదివి ఎక్స్ఐఏపీ అనే జన్యువులో లోపం పట్టుకున్నారు. బొడ్డుతాడు రక్తపు మూలకణాలు ఎక్కించాక అతని పేగు కుదుటపడింది. వైద్య చరిత్రలో జన్యుక్రమ పఠనం చికిత్సను నేరుగా మార్చిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

తెలుగునాట మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ వచ్చే ఇలాంటి లోపాల అవకాశం అలాంటి కుటుంబాల్లో ఎక్కువ. పసిబిడ్డకు మలద్వారం చుట్టూ తీవ్రమైన పుండ్లు, తరచూ అంటురోగాలు, అంతకుముందు ఒక బిడ్డ పసితనంలో పోయిన చరిత్ర ఉంటే ఆలస్యం చేయక జన్యుపరీక్ష చేయించాలి. ఇలాంటి జన్యులోపం తేలిన పిల్లల్లో చాలామందికి మామూలు ఐబీడీ మందులు సరిగా పనిచేయవు. కొన్ని లోపాల్లో మూలకణ మార్పిడి ప్రాణం పోయగలదు.

చికిత్స

లక్ష్యం గత రెండు దశాబ్దాల్లో మారింది. ఒకప్పుడు విరేచనాలు ఆగితే చాలనుకునేవారు. ఇప్పుడు కాల్‌ప్రొటెక్టిన్ తగ్గాలి, లోపల పుండ్లు మానాలి, ఎదుగుదల దారిలో పడాలి. 2021లో నవీకరించిన అంతర్జాతీయ సిఫార్సులు పిల్లల్లో ఎదుగుదల పునరుద్ధరణను చికిత్స లక్ష్యాల్లోనే చేర్చాయి.

క్రోన్స్ ఉన్న పిల్లలకు తొలి చికిత్సగా పేరున్నది మందు కాదు, ఆహారం. ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలు తిండి పూర్తిగా ఆపి, అన్ని పోషకాలూ ఉన్న ద్రవ ఫార్ములా మాత్రమే ఇస్తారు. పిల్లవాడు తాగలేకపోతే ముక్కుగొట్టంతో పోస్తారు. పదిమందిలో ఎనిమిది మంది దాకా దీనితో ఉపశమనం పొందుతారు. స్టిరాయిడ్‌తో సమానమైన ఫలితం, పుండ్లు మానడంలో అంతకంటే మెరుగు, పైగా ఎత్తుకు దెబ్బ తగలదు. అల్సరేటివ్ కొలైటిస్‌కు ఇది పనిచేయదు. పిల్లవాడు పండగలకూ పెళ్లిళ్లకూ కూడా ఏమీ తినకుండా నెలన్నర ఉండాలంటే ఇల్లంతా కలిసిరావాలి. ఫార్ములా ఖర్చూ తక్కువేమీ కాదు. సగం ఫార్ములా, సగం ఎంపిక చేసిన పదార్థాలతో క్రోన్స్ ఆహార పద్ధతిని ఇజ్రాయెల్‌కు చెందిన ఆరీ లెవీన్ బృందం 2019లో పరీక్షించింది. పిల్లలు దానికి తేలిగ్గా అలవాటుపడ్డారు. కోడిమాంసం, గుడ్లు, బంగాళాదుంప, అరటి, యాపిల్ అందులో ముఖ్యం కాబట్టి శాకాహార కుటుంబాలకు దాన్ని కుదర్చడానికి పోషకాహార నిపుణుల సాయం అవసరం.

స్టిరాయిడ్లు త్వరగా పనిచేస్తాయి. కానీ ముఖం ఉబ్బుతుంది, ఎముక బలహీనపడుతుంది, ఎత్తు ఆగుతుంది. వాటిని మంట ఆర్పడానికి వాడాలి, కాపలాకు ఉంచకూడదు. నెలల తరబడి ప్రెడ్నిసలోన్ మీదే ఉన్న పిల్లవాడు కనబడితే చికిత్స తప్పుదారిలో ఉన్నట్టే.

కాపలాకు వాడే పాత మందులు అజాథయోప్రిన్, మెథోట్రెక్సేట్. అజాథయోప్రిన్‌కు ముందు టీపీఎంటీ, న్యూడ్15 జన్యుపరీక్షలు మేలు. రెండోదానిలో మార్పు ఆసియా ప్రజల్లో ఎక్కువ, అది ఉంటే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు, జుట్టూ ఊడిపోవచ్చు. ఈ మందు వాడే యువకుల్లో, ముఖ్యంగా టీఎన్ఎఫ్ మందుతో కలిపి వాడినప్పుడు, అరుదుగా ఒక రకం లింఫోమా క్యాన్సర్ వస్తుంది కాబట్టి మగపిల్లలకు చాలామంది వైద్యులు వారానికోసారి మెథోట్రెక్సేట్‌వైపే మొగ్గుతారు.

అసలు మలుపు టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే బయోలాజిక్ మందులతో వచ్చింది. అమెరికాలో ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు పిల్లల క్రోన్స్‌లో 2006లో, అల్సరేటివ్ కొలైటిస్‌లో 2011లో అనుమతి వచ్చింది. పిల్లల క్రోన్స్‌కు అడాలిముమాబ్ 2014లో చేరింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున మొదటి రోజు, రెండు, ఆరు వారాలకు, ఆ తర్వాత ఎనిమిది వారాలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. చిన్నపిల్లల శరీరం దీన్ని త్వరగా ఖర్చు చేసేస్తుంది. ముప్పై కిలోలలోపు పిల్లలకు తరచూ ఎక్కువ మోతాదు కావాలి, రక్తంలో మందు స్థాయి కొలిచి సరిచూసుకోవాలి. నెదర్లాండ్స్ నేతృత్వంలో జరిగి 2020లో వెలువడిన టిస్‌కిడ్స్ పరీక్షలో కొత్తగా నిర్ధారణైన పిల్లలకు మొదటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇస్తే, ఏడాది చివర మందు పెంచాల్సిన అవసరం లేకుండా ఉపశమనంలో ఉన్నవాళ్లు 41 శాతం, పాత పద్ధతిలో 15 శాతం. భగందరాలు, ఎదుగుదల లోపం, విస్తృతమైన వ్యాధి ఉన్న పిల్లలకు మెట్లెక్కినట్టు ఒక్కో మందూ విఫలమయ్యేదాకా ఆగడం సరికాదన్నది ఈ ఫలితాల సారం.

ఈ మందులకు ముందు నిద్రాణ క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే, చర్మ పరీక్ష లేదా ఇగ్రా రక్తపరీక్ష, హెపటైటిస్-బి పరీక్ష మన దేశంలో తప్పనిసరి. టీఎన్ఎఫ్ మందులు నిద్రాణ క్షయను లేపుతాయని 2001లోనే తెలిసింది. అన్ని టీకాలూ సరిచూసుకోవాలి, మీజిల్స్, చికెన్‌పాక్స్ వంటి సజీవ టీకాలు మందు మొదలుపెట్టకముందే వేయించాలి. మందు మీద ఉండగా వేయకూడదు. ఖర్చు చాలా కుటుంబాలకు పెద్ద అడ్డంకి. 2014లో జైడస్ క్యాడిలా అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్‌ను, అంటే అసలు మందును పోలిన రూపాన్ని, మన దేశంలో విడుదల చేశాక ధర కొంత అందుబాటులోకి వచ్చింది. ఈ మందులు విఫలమైతే వెడోలిజుమాబ్, ఉస్టెకినుమాబ్ వంటివి ఉన్నాయి.

అల్సరేటివ్ కొలైటిస్‌లో జబ్బు తక్కువగా, ఒక మోస్తరుగా ఉంటే మెసలజైన్ మాత్రలు, కింది నుంచి ఎనిమాలు ఆధారం. ఎనిమా అంటే మన పిల్లలు ఒప్పుకోరని వైద్యులే వదిలేస్తారు. నిజానికి రెండూ కలిపితే ఫలితం ఎక్కువ.

ఈ కొలైటిస్‌లో అత్యవసర పరిస్థితి తీవ్రమైన దాడి. పిల్లల కోసం డాన్ టర్నర్ బృందం రూపొందించిన తీవ్రత సూచి 0 నుంచి 85 దాకా ఉంటుంది. నొప్పి, రక్తం, విరేచనాల సంఖ్య, రాత్రి లేవడం, ఆటపాటలు తగ్గడం అడిగి లెక్కిస్తారు, రక్తపరీక్ష అక్కర్లేదు. 65 లేదా అంతకుమించి ఉంటే ఆసుపత్రిలో చేర్చి రక్తనాళంలో స్టిరాయిడ్ ఇవ్వాలి. మూడో రోజు సూచి 45కు పైనే ఉంటే రెండో చికిత్సకు, అవసరమైతే ఆపరేషన్‌కు సిద్ధం కావాలి. ఐదో రోజు 65 దాటి ఉంటే ఇన్‌ఫ్లిక్సిమాబో, టాక్రోలిమసో మొదలుపెట్టాలి. ఇంకో వారం చూద్దామనుకోవడం ఇక్కడ ప్రాణాంతకం. కడుపు ఉబ్బి, జ్వరం, నాడి వేగం పెరిగితే వెంటనే ఎక్స్‌రే తీసి పేగు సాగి ఉబ్బిందేమో చూడాలి.

ఆపరేషన్ అంటే వైద్యం ఓడిపోయిందని అర్థం చేసుకోవద్దు. పేగు చివర కొద్దిమేర సన్నబడిన క్రోన్స్ పిల్లవాడికి యుక్తవయసు ముగియకముందే ఆ ముక్క తీసేస్తే ఆ తర్వాత ఎత్తు పుంజుకుంటుంది. మందులకు లొంగని కొలైటిస్‌లో పెద్దపేగు మొత్తం తీసి, చిన్నపేగుతో సంచి తయారుచేసి మలద్వారానికి కలుపుతారు. ఈ పద్ధతిని లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో అలన్ పార్క్స్, జాన్ నికోల్స్ 1978లో వెల్లడించారు. విరేచనాల సంఖ్య కొంత ఎక్కువే ఉన్నా, పిల్లలు బడికి, ఆటలకు వెళ్లగలుగుతారు.

తిండి, పథ్యం

పేగు జబ్బు అనగానే మన ఇళ్లలో పథ్యం మొదలవుతుంది. చారన్నం, మజ్జిగన్నం, జావ. కారం బంద్, గుడ్డు బంద్, పప్పు బంద్. వ్యాధివల్లే కృశించిన బిడ్డకు ఈ పథ్యం రెండో దెబ్బ. కారం, మసాలా ఐబీడీని తెస్తాయనడానికి రుజువు లేదు. పాలు పడనివాళ్లు తప్ప ఎవరూ పాలు మానక్కర్లేదు. పేగు సన్నబడ్డ పిల్లలకు మాత్రం పీచు, గింజలు, తొక్కలు తగ్గించాలి. ఎదగాల్సిన బిడ్డకు మామూలు పిల్లలకన్నా ఎక్కువ కేలరీలు, ప్రొటీన్లు కావాలి. గుడ్డు, మాంసం, చేప, పప్పు, పెరుగు, నెయ్యి భయం లేకుండా పెట్టాలి. ఐరన్, విటమిన్-డి, బి12, ఫోలిక్ యాసిడ్ లోటు చూసి పూడ్చాలి. వాపు తీవ్రంగా ఉన్నప్పుడు నోటి ద్వారా ఇచ్చే ఐరన్ సరిగా ఒంటబట్టదు, రక్తనాళం ద్వారా ఇవ్వాలి.

ఆయుర్వేదం, హోమియో మందులు కొందరు వాడతారు. వాటి కోసం ఉన్న మందు ఆపితే తిరగబెట్టడం దాదాపు ఖాయం. తల్లిదండ్రులు ఏం వాడుతున్నారో వైద్యుడికి నిర్భయంగా చెప్పగలిగేలా ఉండాలి. భస్మాలు, పసరు మందులు కాలేయాన్ని దెబ్బతీస్తే కారణం తెలియక తడుముకోవాల్సి వస్తుంది.

బడి, యవ్వనం, ఆ తర్వాత

పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలకు ఈ జబ్బు రెండు విధాల భారం. గంటకోసారి టాయిలెట్‌కు వెళ్లాలంటే సిగ్గు. అందుకే బడిరోజు తిండి మానేస్తారు. టాయిలెట్‌కు అడగకుండా వెళ్లే అనుమతి, దానికి దగ్గర్లో సీటు, పరీక్షలో అదనపు సమయం కావాలని వైద్యుడు రాసిచ్చే ఒక్క ఉత్తరం ఎంతో భారం తీస్తుంది. దిగులు, ఆందోళన ఈ పిల్లల్లో ఎక్కువ. అడిగితేనే చెబుతారు. హాస్టల్‌కు పంపేముందు మందుల బాధ్యత ఎవరిదో తేల్చుకోవాలి. కౌమారంలో మందు మానేయడమే తిరగబెట్టడానికి పెద్ద కారణం. బాగానే ఉంది కదా అని ఆపేస్తారు.

కొలైటిస్ విస్తృతంగా ఉన్నవాళ్లకు ఎనిమిది నుంచి పదేళ్ల తర్వాత పెద్దపేగు క్యాన్సర్ కోసం క్రమం తప్పక కొలనోస్కోపీ మొదలవాలి. పిత్తనాళాల వాపు కూడా ఉంటే అది తెలిసిన వెంటనే మొదలుపెట్టాలి. పద్దెనిమిదేళ్లకు పెద్దల వైద్యుడి దగ్గరకు మారేనాటికి పిల్లవాడికి తన జబ్బు పేరు, పేగులో ఎంతమేర ఉందో, ఏ మందు ఎంత మోతాదు, ఎప్పుడు ఆపరేషన్ జరిగిందో చెప్పడం రావాలి. పన్నెండేళ్ల నుంచే డాక్టరు ప్రశ్నలకు తల్లి బదులు పిల్లవాడే సమాధానం చెప్పేలా చూడండి. ముక్క పరీక్ష రిపోర్టులు, ఎండోస్కోపీ ఫొటోలు, ఎత్తు బరువుల చార్టు ఒకే ఫైల్‌లో పెట్టి, ఊరు మారినా దేశం మారినా వెంట తీసుకెళ్లండి.